చుట్టు తిరిగినట్టు కనిపించే దగ్గరి దారి

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం మీ పిల్లల పేజీలో ఒక పాప అడిగిన ప్రశ్నా, దానికి మీవాళ్లు ఇచ్చిన జవాబూ చదివాక ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. అమెరికా వెళ్లే విమానంలో సీటు ముందున్న తెర మీద దారి తిన్నగా కాకుండా విల్లులా ఉత్తరానికి వంగి ఎందుకు కనిపిస్తుంది అని ఆ పాప అడిగింది. మంచి ప్రశ్న. మధ్యలో ఏదైనా ఇబ్బంది వస్తే దిగడానికి ఊళ్లు ఉండాలి కాబట్టి సముద్రాన్ని తప్పించి చుట్టు తిరిగి వెళ్తారని మీ జవాబు. దిగే చోట్లు చూసుకునే మాట నిజమే, కాదనను. కానీ అసలు కారణం అది కాదు. అది చుట్టుదారి కానే కాదు, అదే దగ్గరి దారి. మ్యాపులో తిన్నగా కనిపించే గీత పట్టుకుని వెళ్తేనే చుట్టు.

నాకు ఈ ప్రశ్న కొత్త కాదు. ముప్ఫై ఏళ్లు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యాను, మా అమ్మాయి శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఉంటుంది, మొదటిసారి అక్కడికి వెళ్తున్నప్పుడు మా ఆవిడ ఆ తెర కేసి చూసి "ఇదేంటండీ, మీటరు కోసం ఆటోవాడు తిప్పినట్టు తిప్పుతున్నాడు" అంది. విమానంలో గ్లోబు ఎక్కడ దొరుకుతుంది? తినడానికి తెచ్చుకున్న కమలాపండు తీసి, ఆవిడ సంచిలో ఎప్పుడూ ఉండే లేసు దారం ముక్క దాని మీద లాగి పట్టి చూపించాను. చూసి, "అయితే మ్యాపే తప్పన్నమాట" అంది. అంతే సంగతి. మీ పేజీకి కావలసిన జవాబు ఆ ఒక్క వాక్యమే.

ఇంట్లో గ్లోబు ఉన్నవాళ్లు ఇంకా బాగా చూడొచ్చు. రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్, అలాస్కాలో యాంకరేజ్. రెండూ దాదాపు 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదే ఉన్నాయి, భూగోళానికి ఇటొకటి అటొకటి, దాదాపు ఎదురెదురుగా. గోడ మ్యాపు చూస్తే ఆ అక్షాంశం వెంటే అడ్డంగా పోవాలనిపిస్తుంది. అలా పోతే దాదాపు 10,000 కిలోమీటర్లు. అదే గ్లోబు మీద దారం బిగించి లాగండి, అది జారి జారి ఉత్తర ధ్రువం మీదికెక్కి కూర్చుంటుంది, ఆ దారిన 6,500 చిల్లర. మూడోవంతు దూరం కలిసొచ్చింది.

బిగించిన దారం పట్టే ఆ దారి పేరు జియోడెసిక్. రెండు చోట్ల మధ్య దూరం ఎంతో, సరిగ్గా అంతే పొడవున్న దారి. వినడానికి తేలికే, కానీ ఇక్కడే ఒక మెలిక ఉంది: దూరం అంటే ఏమిటో ముందు తేల్చుకోకపోతే దగ్గరి దారి అనే మాటకు అర్థం లేదు. 1906లో ఫ్రాన్స్‌లో మోరిస్ ఫ్రెషే అనే గణితవేత్త తన డాక్టరేట్ సిద్ధాంత గ్రంథంలో ఈ పని చేశాడు. దూరం దేనితో కొలుస్తావో నీ ఇష్టం, మూడు షరతులు మాత్రం ఒప్పుకో అన్నాడు. ఉన్నచోటికి ఉన్నచోటే సున్నా, వేరే చోటయితే సున్నా కాకూడదు. వెళ్లేటప్పుడెంతో వచ్చేటప్పుడూ అంతే. మూడో ఊరు మీదుగా వెళ్తే దూరం తగ్గకూడదు. ఈ మూడూ ఉంటే చాలు, అది కిలోమీటర్లయినా సరే, ఇంకేదయినా సరే, జ్యామితి మొదలుపెట్టేయొచ్చు. మెట్రిక్ స్పేస్ అనేది ఇదే. డిగ్రీలో దీన్ని సిలబస్‌లో పెట్టి, మూడు షరతులూ బట్టీ పట్టించి, ఒక్క ఉదాహరణ కూడా చెప్పకుండా పరీక్ష రాయించేస్తారు, అది వేరే ఏడుపు.

ఆ రెండో షరతు ఎంత గడుసుదో చూడండి. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి భూగోళం మీద కనీస దూరం దాదాపు 12,400 కిలోమీటర్లు. 2015లో ఎయిరిండియా ఆ సర్వీసు మొదలుపెట్టినప్పుడు అట్లాంటిక్ మీదుగా దాదాపు 13,900 కిలోమీటర్లు నడిపారు. 2016 అక్టోబరులో తూర్పుకి తిప్పి పసిఫిక్ మీదుగా దాదాపు 15,300 కిలోమీటర్లు నడిపారు. 1,400 కిలోమీటర్లు ఎక్కువ, అయినా ఇంచుమించు రెండు గంటలు ముందు చేరింది. అప్పట్లో భూమి తిరగడం వల్ల అని కొందరు రాశారు, అది తప్పు, భూమితో పాటు గాలీ తిరుగుతోంది కదా. పైన పడమర నుంచి తూర్పుకి వీచే బలమైన గాలి వెనక నుంచి తోయడం వల్ల అది. అంటే కిలోమీటర్లలో దగ్గరి దారి వేరు, గంటల్లో దగ్గరి దారి వేరు. పైగా గంటల్లో కొలిస్తే పోవడానికీ రావడానికీ లెక్క ఒకటి కాదు, ఫ్రెషే గారి రెండో షరతు గాలికి కొట్టుకుపోయింది. అందుకే మా ఆవిడకి ఆటో మీటరు పోలిక తోచడంలో తప్పేం లేదనిపిస్తుంది, మీటరు దేన్ని కొలుస్తోందన్నదే ప్రశ్న.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నా, కానీ ఇంత దూరం వచ్చాక అసలు నాకిష్టమైన సంగతి చెప్పకుండా ఉండలేను. మీ పేజీలో చోటు చాలకపోతే కత్తిరించుకోండి, మీ ఇష్టం.

విశాఖపట్నం, చెన్నై, సికింద్రాబాద్. మూడింటినీ రైలు దారితో కలిపి త్రిభుజం గీయండి. విశాఖ నుంచి చెన్నైకి ఏ దారిన వెళ్తారు? విజయవాడ మీదుగా. విశాఖ నుంచి సికింద్రాబాద్‌కి? విజయవాడ మీదుగా. చెన్నై నుంచి సికింద్రాబాద్‌కి? వరంగల్ లైను పట్టుకుంటే అదీ విజయవాడే. విజయవాడ నుంచి విశాఖకి 350, సికింద్రాబాద్‌కి 350, చెన్నైకి 430, ఉరమరగా. భుజాల పొడవులు 700, 780, 780 వస్తాయి, కాగితం మీద ఈ కొలతలతో చక్కటి త్రిభుజం గీయొచ్చు, దానికి లోపల బోలెడంత వైశాల్యం ఉంటుంది. కానీ పట్టాల మీద ఆ త్రిభుజానికి లోపలంటూ ఏమీ లేదు, మూడు కాళ్ల ముక్కాలి పీటలా నలిగిపోయి విజయవాడ స్టేషన్ దగ్గర కలిసిపోయింది. ఏ భుజం మీద ఎక్కడ నిలబడినా మీరు మిగతా రెంటిలో ఏదో ఒక భుజం మీద కూడా నిలబడ్డట్టే.

రష్యాలో పుట్టి, లెనిన్‌గ్రాడ్‌లో (అంటే ఇందాకటి సెయింట్ పీటర్స్‌బర్గే) చదువుకుని, తర్వాత ఫ్రాన్స్‌లో స్థిరపడిన గణితవేత్త మిఖాయిల్ గ్రోమోవ్ 1987లో ప్రచురించిన ఒక సుదీర్ఘ వ్యాసంలో ఈ ముక్కాలి పీటనే పట్టుకున్నాడు. 2009లో ఆయనకి ఆబెల్ ప్రైజ్ వచ్చింది. ఆయన అడిగింది ఇది: త్రిభుజం ఎంత పెద్దదైనా సరే, ఒక భుజం మీద ఏ బిందువు దగ్గర నిలబడ్డా, మిగతా రెండు భుజాల్లో ఏదో ఒకటి డెల్టా అనే ఒకే ఒక దూరం లోపల దొరుకుతుందా? దొరికితే ఆ స్పేస్ హైపర్‌బోలిక్. చెట్టులా కొమ్మలుగా ఉన్నదానికి డెల్టా సున్నా. బల్లపరుపు నేల మీద ఈ పప్పులు ఉడకవు. 100 కిలోమీటర్ల భుజాలున్న సమబాహు త్రిభుజంలో ఒక భుజం మధ్యలో నిలబడితే పక్క భుజం 43 కిలోమీటర్లలో ఉంటుంది, 1000 కిలోమీటర్లదైతే 433లో ఉంటుంది, త్రిభుజం పెరిగేకొద్దీ అదీ పెరుగుతూనే పోతుంది. చండీగఢ్ లాగ గళ్లుగళ్లుగా వీధులున్న ఊరు ఎంత దూరమైనా అలాగే సాగుతుందనుకుంటే దానిదీ ఇదే గతి, పైగా అక్కడ ఇద్దరి ఇళ్ల మధ్య దగ్గరి దారి ఒకటి కాదు, ఏ మలుపు ముందు తిరిగినా ఒకటే పొడవు, డజన్ల కొద్దీ దారులు.

ఇది చదివి మా ఊరివాళ్లు ఒకరు తప్పకుండా అంటారు, చెన్నై నుంచి హైదరాబాద్‌కి తెనాలి దగ్గరే తిరిగి గుంటూరు, నల్గొండ మీదుగా పోయే లైనుంది కదా, విజయవాడ దాకా ఎందుకు అని. ఉంది. ఆ లైను వల్ల మన చెట్టులో ఒక లూపు పడింది, ముక్కాలి పీట మధ్యలో చిల్లు పడింది. డెల్టా అనేది ఆ చిల్లుని కొలిచేదే. లూపు ఎంత పెద్దదైతే డెల్టా అంత పెద్దది, లూపులు హద్దు దాటి పెరగనంత కాలం దూరం నుంచి చూస్తే అది చెట్టులాగే కనిపిస్తుంది. వంశవృక్షమూ అంతే. నాకూ మా పెదనాన్న మనవడికీ మధ్య ఎన్ని మెట్లో చెప్పాలంటే మా తాత దాకా ఎక్కి దిగాలి, వేరే దారి లేదు. మేనరికం చేసుకున్న ఇళ్లలో మాత్రం లూపులు పడతాయి, ఒకే మనిషి ఒక వైపు నుంచి బావ, ఇంకో వైపు నుంచి చిన్నాన్న అవుతాడు, పెళ్లి పత్రిక ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఏమని పిలవాలో తెలియక టెన్షన్. మన తెలుగువాళ్ల వంశవృక్షాలకి డెల్టా సున్నా కాదని నా గట్టి నమ్మకం.

మన దేశంలో ఈ విద్యలో పేరున్నవారు మహాన్ ఎంజే. రామకృష్ణ సంప్రదాయంలో సన్యాసి, ముంబైలో టాటా ఇన్‌స్టిట్యూట్‌లో గణితాచార్యులు, 2011లో భట్నాగర్ పురస్కారం, 2015లో ఇన్ఫోసిస్ ప్రైజ్ అందుకున్నారు. ఆయన ఐఐటీ కాన్పూర్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో చేరి, మధ్యలో అది వదిలేసి లెక్కల్లోకి మారారు. మా కాలేజీ హాస్టల్లో ఎవడైనా ఆ మాట అని ఉంటే వాళ్ల నాన్న రాత్రికి రాత్రి బస్సెక్కి వచ్చేవాడు.

చెట్టూ పట్టాలూ సరే, నునుపుగా పరిచిన తలం కూడా ఇలా ఉంటుందా అంటే ఉంటుంది. అది తెలుసుకోవడానికి పశ్చిమ గోదావరి పోతే చాలు. మా అత్తగారిది నర్సాపురం. అక్కడి క్రోషే లేసుకి 2024లో జీఐ గుర్తింపు వచ్చింది, మీరూ వార్త వేశారు. గుండ్రటి లేసు ముక్క బల్ల మీద చదునుగా పరుచుకోవాలంటే ప్రతి చుట్టుకీ ఒకే సంఖ్యలో కుట్లు పెంచుకుంటూ పోవాలి. పెంచడం తక్కువైతే టోపీలా ముడుచుకుంటుంది, అది భూగోళం పద్ధతి. అలా కాకుండా ప్రతి ఐదు కుట్లకీ ఒకటి చొప్పున, ఉన్నవాటికి దామాషాగా పెంచుతూ పోతే నాలుగైదు చుట్లు తిరిగేసరికి అంచు కుచ్చుళ్లు కుచ్చుళ్లుగా లేస్తుంది, ఎంత నొక్కినా బల్ల మీద పడుకోదు. మా అత్తగారి దృష్టిలో అది చెడిపోయిన ముక్క, ఊడదీసి మళ్లీ అల్లాల్సిందే. కార్నెల్ యూనివర్సిటీలో డైనా టైమినా అనే లాత్వియా గణితవేత్త 1997లో కావాలనే అలా అల్లారు, హైపర్‌బోలిక్ తలం అంటే ఏమిటో విద్యార్థుల చేతికి ఇవ్వడానికి. అంతకు ముందు కాగితం నమూనాలు ఉండేవి, అవి ఇట్టే చిరిగిపోయేవట.

ఆ కుచ్చుళ్లలో ఎంత చోటు దాగి ఉంటుందంటే, మామూలు నేల మీద 10 యూనిట్ల వ్యాసార్ధంతో వృత్తం గీస్తే చుట్టుకొలత 63 వస్తుంది, ఈ తలం మీద గీస్తే 69,000 దాటుతుంది. చెట్టుకి పైకి పోయేకొద్దీ కొమ్మలు రెట్టింపవుతూ పోయినట్టే. త్రిభుజాల కోణాల మొత్తం ఎప్పుడూ 180 డిగ్రీల కంటే తక్కువ. భుజాలు ఎంత పొడవు లాగినా ఒక భుజం మీది ఏ బిందువైనా మిగతా రెంటిలో ఏదో ఒకదానికి దాదాపు 0.88 యూనిట్లలోపే ఉంటుంది. గ్రోమోవ్ డెల్టా అక్కడ అంతే. ఇంటర్ పుస్తకంలో మేం చెప్పిన అతిపరావలయం, అదే హైపర్‌బోలా, పేరే దీనికీ పెట్టారు గానీ, ఆ గీతతో కుస్తీ పట్టిన పిల్లలు దీన్ని చూసి భయపడక్కర్లేదు.

ఇప్పుడు అసలు ఫిర్యాదుకి వస్తాను, ఇది విమానం కంటే పెద్దది. 2023 ఆగస్టులో స్టాటిస్టిక్స్ పండితులు సి.ఆర్. రావు గారు 102 ఏళ్ల వయసులో పోయినప్పుడు మీ పత్రికతో సహా నేను చూసిన ప్రతి తెలుగు పేపరూ ఆయన పద్మవిభూషణ్, అమెరికా నేషనల్ మెడల్, అదే ఏడాది వచ్చిన అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ ప్రైజ్, అన్నీ వేశాయి. ఎనిమిదో సంతానం కాబట్టి రాధాకృష్ణ అని పేరు పెట్టారనీ, నూజివీడు, నందిగామల్లో చదివారనీ, ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ ఎం.ఏ. చేశారనీ వేశాయి. చేసిన పని ఏమిటో ఒక్క పేరా లేదు. 1945లో, పాతికేళ్ల వయసులో, కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఆయన రాసిన ఒకే ఒక్క పేపర్లో మూడు సంగతులున్నాయి. రెండు ప్రతి స్టాటిస్టిక్స్ విద్యార్థికీ ఆయన పేరుతోనే తెలుసు. మూడోది దూరం.

నా పద్ధతిలో చెప్తాను. ఒక కాలేజీలో రెండు సెక్షన్లు. ఒకదాని సగటు మార్కులు 60, రెండోదానిది 70. రెండింటి మధ్య దూరమెంత? పది మార్కులు అంటే సరిపోదు. మార్కుల చెదురు, అదే స్టాండర్డ్ డీవియేషన్, 2 అనుకోండి. అప్పుడు మొదటి సెక్షన్లో అందరూ అరవై చుట్టూ, రెండోదాంట్లో డెబ్బై చుట్టూ ముడుచుకుని ఉంటారు, ఒక పేపరు తీసి చూస్తే ఏ సెక్షన్‌దో ఇట్టే చెప్పొచ్చు. చెదురు 20 అయితే రెండు సెక్షన్లూ కలగాపులగం, పేపరు చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. అదే పది మార్కులు మొదటిచోట ఆమడ దూరం, రెండోచోట అడుగు దూరం. రావు గారు ఏం చేశారంటే, పక్కపక్కనే ఉన్న రెండు సెక్షన్లని డేటా ఎంత తేలిగ్గా విడదీయగలదో దాన్ని అడుగడుగునా దూరంగా కొలిచి, ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఆ అడుగుల మొత్తం అతి తక్కువ వచ్చే దారి పొడవే ఆ రెండింటి మధ్య దూరం అన్నారు. జియోడెసిక్ అన్నమాట.

లెక్క వేసి చూడండి. చెదురు 2 దగ్గరే కదలకుండా పట్టి ఉంచి, సగటుని 60 నుంచి 70కి తిన్నగా లాక్కెళ్తే దూరం 5. చెదురు మారదు అనుకుంటే 1936లో మన స్టాటిస్టిక్స్ పండితుడు మహలనోబిస్ ఇచ్చిన దూరమూ అంతే. కానీ రావు గారి కొలతలో అది దగ్గరి దారి కాదు. ముందు చెదురుని నెమ్మదిగా పెంచుతూ వెళ్లాలి, మధ్యలో అది రెట్టింపై 4 దాకా పోతుంది, అక్కడ పది మార్కుల తేడా పెద్ద లెక్క కాదు కాబట్టి చకచకా దాటేసి, మళ్లీ కిందికి దిగి 2 దగ్గరికి రావాలి. గతుకుల సందు వదిలి హైవే ఎక్కి దిగినట్టు. అలా వెళ్తే 3.8 కూడా లేదు. కాగితం మీద గీస్తే ఆ దారి సగం కోడిగుడ్డు అంచులా పైకి వంగి ఉంటుంది, అచ్చం విమానం తెర మీద గీతలాగ. మామూలు బెల్ ఆకారపు వక్రాలన్నిటినీ ఈ కొలతతో ఒకచోట పరిస్తే తయారయ్యే తలం ఏదో తెలుసా? మా అత్తగారు ఊడదీసి పారేసిన కుచ్చుళ్ల లేసు. హైపర్‌బోలిక్ తలం, అణుమాత్రం తేడా లేకుండా, కొలబద్ద సైజు మార్చుకుంటే చాలు.

ఇది తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు, అప్పటికి సర్వీసులో ఇరవై ఏళ్లు దాటాయి. అన్నేళ్లూ సగటు, చెదురు ఒక చాప్టర్లో, అతిపరావలయం ఇంకో చాప్టర్లో చెప్పి, రెండింటికీ వేర్వేరుగా ముఖ్యమైన ప్రశ్నలు మార్కు చేసి ఇచ్చాను. నాకెవరూ చెప్పలేదు, నేనెవరికీ చెప్పలేదు.

కాబట్టి మిమ్మల్ని కోరేది రెండే. పిల్లల పేజీలో ఆ పాపకి సరైన జవాబు వేయండి, గ్లోబూ దారం బొమ్మతో. రెండోది, హైదరాబాద్‌లో రావు గారి పేరుతో ఒక గణిత సంస్థే ఉంది, సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో, అక్కడివాళ్ల చేత ఆయన దూరం మీద ఒక పేజీ రాయించండి, ఫొటోలూ శాలువాలూ తగ్గించి. నేను రాస్తే ఇదిగో ఇలా రైళ్లూ మేనరికాలూ వచ్చేస్తాయి.

ఈ ఉత్తరంతో పాటు ఒక ఫొటో జత చేస్తున్నాను. ఐదు కుట్లకి ఒకటి చొప్పున పెంచుతూ మా ఆవిడ తొమ్మిది చుట్లు అల్లింది, పదో చుట్టుకి దారం ఉండ అయిపోయిందని ఆపేసింది. ఇలాంటిది అల్లడం వాళ్లమ్మకి తెలిస్తే ఊరుకోదని, ఫొటో వేసినా పేరు మాత్రం వేయొద్దంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల లెక్చరర్,
తెనాలి